ఒకటి రెండయ్యే చోటు

మా మేనత్తగారి పొలం ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో బొరిగుమ్మకు అవతల ఉంది. రెండేళ్ల క్రితం శ్రావణమాసంలో అక్కడ కలుపు తీయిస్తుంటే నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. అది ఊడ్చిన మడి కాదు, వెదజల్లిన మడి. వరి మోకాలెత్తుకు వచ్చి, ఎటు చూసినా ఒకే పచ్చగా ఉంది. అయిదుగురు పరజా తెగ ఆడవాళ్లు వరుసగా వంగి కదులుతున్నారు. వారిలో పెద్దావిడ ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదలు వంక ఒక్క క్షణం చూసి, అందులోంచి ఒకే ఒక మొక్కను వేరుతో సహా లాగి గట్టు మీదికి విసిరింది. నేను దాన్ని తీసుకుని ఎంత తిప్పి చూసినా అది వరి మొక్కే అనిపించింది. వృక్షశాస్త్రం చదువుకుని, అదే జిల్లా జైపూరులో ప్లస్ టూ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఆ పాఠమే చెబుతున్నవాణ్ణి నేను. ఆమె నా ముఖం చూసి, కాండాన్ని చుట్టుకుని ఉన్న ఆకు ఒర మీద సన్నని ఊదా చారను గోటితో తాకి చూపించి, "బాలుంగా" అంది. మా అత్త పక్కనుంచి, "నివ్వరిరా నాన్నా, వదిలేస్తే మన కోతకు ముందే గింజంతా రాల్చేసి పోతుంది" అంది.

నివ్వరి తెలుగువారికి కొత్త కాదు. మంత్రపుష్పం విన్నవారందరూ నీవారపు గింజ ముల్లంత సన్నని జ్వాల గురించి విన్నారు. ఆ నీవారమే మన నివ్వరి. 1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి అనే ఇద్దరు వరి శాస్త్రవేత్తలు ఈ అడవి వరిని ప్రత్యేక జాతిగా వర్ణిస్తూ ఆ సంస్కృత నామాన్నే నిలిపి, ఒరైజా నివారా అని పేరు పెట్టారు. మా జైపూరు ప్రాంతంలో రోడ్డు పక్క గుంటల్లోనూ, వానాకాలం నిండి చలికాలం ఎండిపోయే చెరువు అంచుల్లోనూ ఇది దానంతట అది మొలుస్తుంది. వరికీ దీనికీ క్రోమోజోములు ఇరవై నాలుగే. కంకిలో మాత్రం తేడా తెలుస్తుంది: నివ్వరి గింజకు పొడుగాటి ముల్లు ఉంటుంది, పొట్టు నల్లబడుతుంది, పండీ పండకముందే గింజ ఊడి నేల మీద పడుతుంది. గుంటలో పెరిగేది శుద్ధమైన నివ్వరి అనుకుంటే, పొలంలోకి చొరబడినది చాలావరకు వరి పుప్పొడి తగిలి వరితో కలిసిపోయిన సంకరం. ఒడియా రైతులు బాలుంగా అనేది ముఖ్యంగా దీన్నే.

ఆ గట్టు మీద నాకు తట్టిన సంగతి ఇది. పెద్దావిడ కంటికి ఊదా చార ఉన్న మొక్క దొరుకుతుంది, చార లేనిది దొరకదు. దొరకనిది వరి నడుమ క్షేమంగా పూచి, గింజ పట్టి, కొడవలి రాకముందే రాల్చుకుని, మరుసటి ఏడు తొలకరికి అదే మట్టిలో మొలుస్తుంది. దాని పిల్లల్లో చాలావాటికి ఆ చార ఉండదు. ఏటేటా ఇలా పీకుతున్న కొద్దీ మడిలో మిగిలే నివ్వరి మరికాస్త వరిలాగా కనిపిస్తూ వస్తుంది. వరిలా వేషం కట్టాలని నివ్వరి అనుకోలేదు. నివ్వరి రూపం మార్చాలని ఆమే అనుకోలేదు. జరిగింది పీకివేత ఒక్కటే, అయినా మిగిలినవాటి పోలిక మారిపోయింది. ఈ చిక్కు తప్పించుకోవడానికి మధ్య భారతంలో కొందరు రైతులు ఒకప్పుడు ఊదా ఆకుల వరిని వేసి చూశారు. పొలమంతా ఊదాగా ఉంటే పచ్చగా కనిపించిన ప్రతి మొక్కా కలుపే కదా అని. కొన్ని పంటలు గడిచేసరికి అడవి వరిలోనూ ఊదా ఆకుల మొక్కలు కనబడ్డాయి. వరి పుప్పొడి ద్వారా ఆ రంగు అటు వెళ్లింది, పచ్చనివాటిని పీకే చేతులు ఆ రంగు ఉన్నవాటిని కాపాడాయి.

పరిణామ సిద్ధాంతపు మొదటి సగం ఇంతే. ఒకే జాతి జీవుల్లో ఒకదానికీ మరొకదానికీ తేడాలు ఉండాలి, ఆ తేడాలు పిల్లలకు సంక్రమించాలి, ఆ తేడాలను బట్టే కొన్నింటి సంతానం ఎక్కువగా, కొన్నింటి సంతానం తక్కువగా మిగలాలి. ఈ మూడూ నిజమైన చోట, చాలినంత కాలం గడిస్తే, మార్పు రాక తప్పదు. డార్విన్, వాలెస్ వేర్వేరుగా చేరుకున్న ఈ ఆలోచనను 1858లో లండన్‌లోని లినియన్ సొసైటీలో కలిపి చదివి వినిపించారు. మరుసటి సంవత్సరం డార్విన్ గ్రంథం వెలువడింది. తేడాలు ఎలా పుడతాయో వారికి తెలియదు. జన్యువులకు నకలు తీసేటప్పుడు జరిగే పొరపాట్ల వల్ల అవి పుడతాయని మనకు ఇప్పుడు తెలుసు. ఆ పొరపాట్లు జీవి అవసరం చూసుకుని రావు. వచ్చినవాటిలో ఏది నిలవాలో మాత్రం పరిసరాలు తేలుస్తాయి. నివ్వరి గింజ రాలిపోవడం, వరి గింజ వెన్నుకు అంటిపెట్టుకుని ఉండడం అనే తేడాలో ఎక్కువ భాగం ఒక జన్యువులోని ఒకే ఒక అక్షరం మార్పు వల్ల వచ్చిందని 2006లో తేలింది. పూర్వం కంకులు కోసి ఇంటికి తెచ్చుకున్నవారి బుట్టలోకి రాలని గింజే ఎక్కువగా చేరింది, మరుసటి ఏడు విత్తనం ఆ బుట్టలోంచే వెళ్లింది. రాలిన గింజ మట్టిలో మిగిలింది. ఒకే మడిలో కొడవలి ఒక గింజను ఇంటికీ ఇంకొక గింజను మట్టికీ పంపుతూ, ఒక మొక్కను రెండు దారులు పట్టించింది.

ఈ రెండు దారుల దగ్గరే నేను ఆగవలసి వచ్చింది. ఎందుకంటే, మన పాఠాల్లో పరిణామం గురించి చెప్పేటప్పుడు ఒక జాతి తనలో తాను మారడాన్ని చూపిస్తాం. ఒక జాతి రెండు కావడాన్ని చూపించం. జిరాఫీ మెడ సాగడం, పొగ పట్టిన ఊళ్లలో చిమ్మటల రంగు నల్లబడడం, మందులకు సూక్ష్మజీవులు లొంగకపోవడం, ఇవన్నీ మార్పుకు ఉదాహరణలే గాని చీలికకు ఉదాహరణలు కావు. నేనూ ఏళ్ల తరబడి ఇవే చెప్పి, చివర్లో "ఇలా కొత్త జాతులు ఏర్పడతాయి" అనే ఒక్క వాక్యంతో ముగించాను. ఆ ఒక్క వాక్యంలో అసలు సంగతి అంతా చిక్కుకుపోయి ఉందని అప్పుడు గమనించలేదు. కోతి నుంచి మనిషి పుడితే కోతులు ఇంకా ఎందుకు ఉన్నాయని ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. తరగతి నవ్వుతుంది గాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. మార్పు ఒక్కటే నేర్పి చీలిక నేర్పనప్పుడు తెలివైన పిల్లవాడికి రావలసిన ప్రశ్న అదే. నా పెదనాన్న కొడుకు నాకు తండ్రి కాడు, ఇద్దరికీ తాత ఒక్కడే. అతడు ఉన్నాడు కాబట్టి నేను ఉండకూడదని ఎవరూ అనరు. మనిషికీ చింపాంజీకీ సుమారు అరవై డెబ్బై లక్షల సంవత్సరాల క్రితం ఉమ్మడి పూర్వికులు ఉండేవారు, ఆ పూర్వికులు మనుషులూ కారు, నేటి చింపాంజీలూ కారు. చీలిక అర్థమైన పిల్లవాడికి ఇది రెండు నిమిషాల్లో బోధపడుతుంది.

పోలికకూ చుట్టరికానికీ తేడా మా సరిహద్దు జిల్లాల వారికి ఇంకా సులువుగా తెలియాలి. మా వీధిలో తెలుగు, ఒడియా సమానంగా వినిపిస్తాయి. సంత రోజు దేశియా, కువి, గదబ కూడా వినబడతాయి. కొత్తగా వచ్చినవారు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న సంస్కృత పదాలు విని, ఈ రెండూ అక్కాచెల్లెళ్లు కాబోలు, కువి మాత్రం ఎక్కడిదో వేరే భాష అనుకుంటారు. నిజం దీనికి తలకిందులుగా ఉంది. ఒడియా ఆర్యభాషా కుటుంబానిది, గదబలోని గుతోబ్ భాష ముండా కుటుంబానిది. కువి, కుయి, కూబి అని కూడా పిలిచే కొండ, ఈ భాషలు తెలుగుతో పాటు ద్రావిడంలోని ఒకే శాఖకు చెందినవి. కొండ భాష మీద 1969లో గ్రంథం వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ చుట్టరికాన్ని ధ్వనుల స్థాయిలో నిరూపించి చూపారు. తమిళంలో మరం అనే మాట పాత తెలుగులో మ్రాను అయింది, తరువాత మాను అయింది. కుయి భాషలో చెట్టు పేరు ఈనాటికీ ఆ 'మ్ర'తోనే మొదలవుతుంది. పక్కపక్కన బతికినందువల్ల వచ్చే పోలిక వేరు, ఒకే మూలం నుంచి దిగివచ్చినందువల్ల వచ్చే పోలిక వేరు. తిమింగలం చేపలా కనిపించినా అది పాలిచ్చి పిల్లల్ని సాకే జంతువే. జీవుల వంశవృక్షం గీసేవారు మొదట నేర్చుకునే జాగ్రత్త ఇదే.

మరి జాతి అంటే ఏమిటి? తెలుగులో ఈ మాట చాలా బరువులు మోస్తుంది; కులానికీ, దేశానికీ, భాషా సమూహానికీ ఇదే మాట వాడతాం కాబట్టి చదువరి మనసులో అవన్నీ కలిసిపోయే ప్రమాదం ఉంది. భూమి మీద ఉన్న మనుషులందరిదీ ఒకే జీవజాతి అని ముందే చెప్పి ఈ పాఠం మొదలుపెట్టాలి. జీవశాస్త్రంలో జాతి అనేది ప్రధానంగా రూపాన్ని బట్టి కాదు, సంతాన సంబంధాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తమలో తాము కలిసి సంతానం కంటూ, ఇతర సమూహాలతో అలా కలవలేని జీవుల సమూహమే జాతి అన్న నిర్వచనానికి 1942లో ఎర్న్‌స్ట్ మేయర్ గట్టి పునాది వేశారు. అన్ని జీవులకూ ఇది అతకదు, అలైంగికంగా పెరిగే సూక్ష్మజీవులకు అసలే అతకదు. అయినా మొక్కలకూ జంతువులకూ ఇది చూపించే దారి సరైనదని నా అభిప్రాయం. అలా చూస్తే కొత్త జాతి పుట్టడమంటే కొత్త రూపం పుట్టడం కాదు, రాకపోకలు తెగిపోవడం. రూపం మారడం తరువాత, తీరిగ్గా జరగవచ్చు.

రాకపోకలు తెగడానికి అన్నిటికన్నా మామూలు కారణం దూరం. తిరుమల కొండల బంగారు బల్లి పేరు తెలుగువారందరూ విన్నదే. తూర్పు కనుమల రాతి చరియల్లో బతికే ఆ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, లోకం మొత్తానికీ తెలిసినవి రెండే జాతులు, రెండవది శ్రీలంకలో ఉంది. సముద్రమట్టం దిగిపోయిన యుగాల్లో రెండు నేలలూ కలిసే ఉండేవి, మట్టం పెరిగినప్పుడు విడిపోయేవి. రాతి పగుళ్లు వదిలి బయటికి వెళ్లని బల్లికి అసలు సముద్రమే అక్కర లేదు, నడుమ ఉన్న మైదానమే చాలినంత అడ్డు. అటు ఇటు చేరిన రెండు గుంపుల్లో పొరపాట్లు వేర్వేరుగా పోగవుతూ, వేర్వేరుగా వడబోతకు గురవుతూ పోతాయి. చిన్న గుంపుల్లో అయితే ఏ లాభనష్టాల ప్రమేయం లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే కొన్ని లక్షణాలు నిలిచిపోతాయి.

అయితే దూరం ఒక్కటే జాతుల్ని చేయదు. విడిపోయినవి మళ్ళీ కలిసినప్పుడు సంతానం ఎందుకు కలగదన్నది అసలు చిక్కుముడి, డార్విన్‌ను కూడా ఇబ్బంది పెట్టిన ముడి. సంతానం లేకుండా చేసే లక్షణాన్ని, ఎక్కువ సంతానం మిగిల్చే తేడాలనే నిలిపే ప్రకృతి వరణం ఎలా ప్రోత్సహిస్తుంది? జవాబు మన అన్నం కంచంలోనే ఉంది. ఆసియా వరిలో ఇండికా, జపోనికా అనే రెండు పెద్ద రకాలు ఉన్నాయని, వాటిని కలిపితే వచ్చే సంకరం సరిగా గింజ పట్టదని 1928లో జపాన్ శాస్త్రవేత్త కాతో, ఆయన సహచరులు చూపించారు. పైరు ఏపుగానే పెరుగుతుంది, వెన్ను వేస్తుంది, ఒలిచి చూస్తే సగానికి సగం తాలు. 1946లో మొదలైన కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఈ రెండు రకాలనూ కలిపే పెద్ద ప్రయత్నం జరిగింది. ఎరువుకు బాగా స్పందించే జపోనికా గుణాన్ని మన ఇండికా రకాల్లోకి తీసుకురావాలన్నది ఆశయం. వందలాది సంకరాలు చేశారు. ఆ తాలు గింజల కారణంగా నిలిచినవి బహు కొద్ది. ఆ కొద్దిలో ఒకటి మలేషియాలో ఎంపికై 1965లో విడుదలైన మసూరి. ఆ మసూరిని ఒక తలిదండ్రిగా తీసుకుని బాపట్లలో తయారుచేసిన బీపీటీ 5204 అనే రకమే 1986లో విడుదలైన సాంబ మసూరి. జైపూరు తెలుగు ఇళ్లలోనూ విజయవాడ ఇళ్లలోనూ రోజూ ఉడికే అన్నం, తెగిపోబోతున్న వంతెన మీదుగా ఇవతలికి చేరిన గింజ అన్నమాట.

తాలు ఎందుకు వచ్చింది? దీన్ని పిల్లలకు నేను తలుపు గడియతో చెబుతాను. ఒకే ఇంటిలో ఉన్న అన్నదమ్ములు వేరుపడి రెండు ఇళ్లు కట్టుకున్నారు. మొదట రెండు ఇళ్ల తలుపులకూ ఒకే కొలత గడియ, ఒకే కొలత గొళ్ళెం. కొంతకాలానికి పెద్దవాడు గడియ అరిగిపోతే కాస్త లావైనది వేయించాడు. పాత గొళ్ళెంలో అది పట్టింది, సరిపోయింది. తమ్ముడు తన ఇంట్లో గడియ జోలికి పోకుండా గొళ్ళేన్ని కాస్త సన్నగా మార్చాడు; పాత గడియ అందులో పట్టింది, సరిపోయింది. రెండు ఇళ్లలోనూ ఒక్క రాత్రి కూడా తలుపు పడకుండా ఉండలేదు. కాని పెద్దవాడి గడియ తెచ్చి తమ్ముడి గొళ్ళెంలో పెడితే పట్టదు, ఎందుకంటే ఆ రెండూ ఏనాడూ ఒకే తలుపు మీద కలిసి పరీక్షకు నిలబడలేదు. ఎవరూ ఎవరినీ దూరం పెట్టాలని తలచలేదు. జన్యువులలోనూ ఇదే జరుగుతుందని డోబ్జాన్‌స్కీ, ముల్లర్ అనే జన్యుశాస్త్రజ్ఞులు గత శతాబ్దపు తొలి సగంలోనే వివరించారు. ఒక గుంపులో ఒక జన్యువు మారుతుంది, ఇంకో గుంపులో ఇంకో జన్యువు మారుతుంది, ఎవరి ఇంట్లో వారికి ఇబ్బంది లేదు. సంకర సంతానంలో మొదటిసారిగా ఆ రెండు మార్పులూ ఎదురుపడి పొసగకుండా పోతాయి. వంధ్యత్వాన్ని ఎవరూ ఎంపిక చేయలేదు, అది విడివిడిగా బతకడంలో పడిన నీడ. వరిలో ఇలాంటి జన్యువులను నేడు ఒక్కొక్కటిగా గుర్తించారు. ఏ రకంతోనైనా పొసగే మధ్యస్థపు రూపం ఉన్న కొన్ని వరి రకాలు కూడా దొరికాయి, ఇండికా, జపోనికాలను కలిపి సంకర వరి తయారుచేసేవారికి అవే ఆధారం.

ఇక్కడ బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. రెండు జాతుల సంకర సంతానంలో ఏదో ఒక లింగం మాత్రమే వంధ్యమైనా, అసలు పుట్టకపోయినా, ఆ లింగం వేర్వేరు లింగ క్రోమోజోములు ఉన్నదే అవుతుందని 1922లో ఆయన గమనించారు. క్షీరదాల్లోనూ ఈగల్లోనూ అది మగది, పక్షుల్లోనూ సీతాకోకచిలుకల్లోనూ ఆడది. నూరేళ్లు గడిచినా ఈ సూత్రం దాదాపు చెక్కుచెదరలేదు. 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చి, కలకత్తాలో పనిచేసి, చివరి సంవత్సరాలు భువనేశ్వర్‌లో గడిపి, 1964 డిసెంబరు 1న ఆయన అక్కడే కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలన్న ఆయన కోరిక ప్రకారం అది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన వద్ద పనిచేసిన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, ఒకే చోట పెరిగే వేర్వేరు రంగుల లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగుకు వెళుతుందో ఓపికగా లెక్కించి 1960లో ప్రకటించారు. కొన్ని రకాల సీతాకోకచిలుకలు ఒక రంగునే ఎక్కువగా ఎంచుకుంటే, పక్కపక్కన ఉన్న రెండు పొదల మధ్య పుప్పొడి రాకపోకలు తగ్గుతాయి, కొండా సముద్రమూ అడ్డం లేకుండానే చీలికకు దారి ఏర్పడవచ్చు అన్నది అందులోని ఆలోచన. లాంటానా మా ఘాట్ రోడ్డు పొడుగునా పట్టిన పొద, దాన్ని కలుపుగా తప్ప ఇంకోలా చూడని మనకు ఇలాంటి లెక్క ఒకటి మన పక్కనే సాధ్యమని తెలియాలి.

కొత్త జాతి పుట్టగా ఎవరైనా చూశారా అని పెద్దలు అడుగుతారు. ఈ ప్రశ్నకు నేను పోపు డబ్బా తెరిచి చూపిస్తాను. మా పొరుగున ఒడియా ఇంట్లో చేపల్లోకి ఆవముద్ద నూరుతారు, మా ఇంట్లో పనసపొట్టు కూరకు ఆవ పెడతారు. రెండు ఇళ్లలోనూ ఆ గింజ ఒకటే. ఆ ఆవ మొక్కలో ముప్పై ఆరు క్రోమోజోములు ఉంటాయి. అది రెండు వేరే జాతుల కలయిక: ఒకదానికి ఇరవై, మరొకదానికి పదహారు. మొదటి దాని పుప్పొడిలో పది, రెండవదాని అండంలో ఎనిమిది, లేదా అటుది ఇటు, కలిసి పద్దెనిమిది క్రోమోజోముల మొక్క మొలిస్తే దానిలో ఏ క్రోమోజోముకూ జత ఉండదు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జతలు జతలుగా నిలబడి విడిపోవాలి కాబట్టి ఆ మొక్క గొడ్డుబోతుంది. కాని అరుదుగా కణ విభజనలో పొరపాటు జరిగి పద్దెనిమిదీ రెట్టింపై ముప్పై ఆరైతే, ప్రతి దానికీ జత దొరుకుతుంది, మొక్క కాపుకు వస్తుంది. ఆ మొక్క తలిదండ్రులలో ఎవరితో కలిసినా మళ్ళీ జతలు తప్పుతాయి. అంటే పుట్టిన రోజు నుంచే అది వేరే జాతి. ఈ లెక్కను 1935లో ఊ జాంగ్‌చున్ అనే కొరియా మూలాల శాస్త్రవేత్త జపాన్‌లో ప్రకటించారు. ఆవ బంధువైన మరో నూనె గింజ మొక్కను దాని రెండు మూల జాతుల నుంచి తన చేతులతో కొత్తగా సృష్టించి చూపారు కూడా. మా కొండల చోళ్ళు, అంటే ఒడియావారి మాండియా, అలాంటి రెట్టింపు సంకరమే. ప్రకృతిలో తనంతట తాను ఇలా జరగగా చూసిన ఉదాహరణలూ ఉన్నాయి: ఐరోపా నుంచి అమెరికాకు చేరిన ట్రాగోపోగాన్ అనే మొక్కల మూడు జాతుల నుంచి, గత శతాబ్దంలోనే, రెండు కొత్త జాతులు పుట్టాయని 1950లో ఓన్‌బీ వర్ణించారు. ఒక మనిషి జీవితకాలంలో జరిగిన పుట్టుకలవి.

కాబట్టి కొత్త జాతి ఒక్క తరంలో పుట్టవచ్చు, లక్షల ఏళ్లూ పట్టవచ్చు. ఎక్కువ చోట్ల నెమ్మదిగానే జరుగుతుంది, ఆ నెమ్మదితనమే జనాన్ని తికమక పెడుతుంది. గీత ఎక్కడ గీయాలో చూపలేరు కాబట్టి గీత లేదంటారు కొందరు. సరిహద్దులో బతికే మేము ఈ వాదన ఒప్పుకోలేం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు గీసిన హద్దు పటం మీద సన్నని గీత. నేల మీద పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు నడిస్తే ఏ ఇంటి దగ్గర తెలుగు మొదలైందో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. అయినా కటక్‌లో మాట్లాడేది ఒడియా, గుంటూరులో మాట్లాడేది తెలుగు. నడుమ మసకగా ఉన్నంత మాత్రాన రెండు కొసలూ ఒకటి కావు. నివ్వరి, వరి ఇప్పుడు ఆ మసక ప్రాంతంలో నిలబడి ఉన్నాయి. వరి తన పూవును తానే ఫలదీకరించుకుంటుంది, బయటి పుప్పొడి తగిలేది సాధారణంగా నూటికి ఒకటి కన్నా తక్కువ. ఆ ఒక్క శాతం లోపు సందులోంచే ఊదా రంగు అటు వెళ్లింది, నిటారు పైరు గుణం అటు వెళ్లింది. ఇవి ఒకే జాతా రెండు జాతులా అన్న విషయంలో వృక్షశాస్త్రజ్ఞులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. రాలేకపోవడం శాస్త్రపు లోపం కాదు, సిద్ధాంతం నిజమైతే మనకు కనబడవలసినది ఇలాంటి సగం తెగిన సంబంధాలే.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ భాగం తొలగింపును నిరసిస్తూ పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేశారు. నా బాధ కూడా వారి బాధే: పదితో సైన్సు వదిలే పిల్లలే మన పల్లెల్లో ఎక్కువ, పొలంలో నివ్వరిని గుర్తుపట్టవలసినవారూ వారే. 1960, 70లలో ఆసియాలోని పలు దేశాల్లో వరిని పొట్టి గడ్డిలా మార్చేసే వైరస్ తెగులు వచ్చినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో వేలాది వరి నమూనాలు వెదికినా తట్టుకునే గుణం దొరకలేదు. చివరికి ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక నివ్వరి నమూనాలో దొరికింది. గుర్‌దేవ్ ఖుష్, ఆయన సహచరులు దాన్ని సాగు రకాల్లోకి మార్చగలిగారంటే, వరికీ నివ్వరికీ మధ్య రాకపోకలు ఇంకా పూర్తిగా తెగలేదు కాబట్టే.

మా అత్త ఊరి దారిలో నివ్వరి మొలిచే గుంటలు నా చిన్నతనంలో నాలుగు ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండింటిని మట్టితో పూడ్చారు, ఒకదాని మీద ఇళ్లు లేచాయి. మిగిలిన నాలుగోదాని దగ్గరికి పోయిన కార్తీకంలో పదిమంది పిల్లల్ని తీసుకువెళ్లాను. చెయ్యి తగిలితే రాలిపోయే గింజ కాబట్టి ముందుగానే వెన్నులకు కాగితపు సంచులు తొడిగించాను. వరి పోలిక ఉన్నవాటికి ఒక రంగు దారం, నివ్వరి పోలిక ఉన్నవాటికి ఒక రంగు దారం కట్టమన్నాను. కాసేపటికి ఒక అమ్మాయి గుంట అంచున నిలబడి పిలిచింది. ఆమె చేతిలోని వెన్నుకు పొట్టు నల్లగా ఉంది, ముల్లు లేదు. వేలితో గట్టిగా నిమిరినా సగం గింజలే రాలాయి, మిగతా సగం అంటిపెట్టుకుని ఉన్నాయి. "సార్, దీనికి ఏ దారం?" అని అడిగింది. మూడో దారం తెప్పించి కట్టించాను. సంచి మీద పేరు రాయవద్దని, గుంట ఎక్కడుందో, ఆ రోజు తేదీ ఏమిటో మాత్రం రాయమని చెప్పాను.